వెబ్‌లో మన జాడలు ఎక్కడ ముడిపడతాయి?

2006 ఆగస్టులో అమెరికా ఇంటర్నెట్ కంపెనీ ఏఓఎల్, పరిశోధకులకు పనికొస్తుందని ఒక పెద్ద ఫైలును ఇంటర్నెట్‌లో పెట్టింది. దాదాపు ఆరున్నర లక్షల మంది మూడు నెలల పాటు సెర్చ్ చేసిన రెండు కోట్ల ప్రశ్నలు అందులో ఉన్నాయి. ఎవరి పేరూ లేదు. పేరు బదులు మనిషికో నంబరు ఇచ్చారు, ఇక ఎవరికీ ఇబ్బంది ఉండదనుకున్నారు. న్యూయార్క్ టైమ్స్ విలేకరులు అందులో ఒక నంబరును పట్టుకుని, దాని కింద ఉన్న ప్రశ్నలన్నీ వరసగా చదివారు. వేళ్ల తిమ్మిరి గురించి ఒకటి, ఒక చిన్న ఊళ్లో తోటపని చేసేవాళ్ల గురించి ఇంకొకటి, ఒకే ఇంటిపేరున్న కొందరి గురించి మరికొన్ని. వాటిని పక్కపక్కన పెట్టుకుంటూ పోయేసరికి ఒక పెద్దావిడ ఇంటి గుమ్మం దగ్గర తేలారు. ఆ ప్రశ్నలు తనవేనని ఆవిడ ఒప్పుకున్నారు.

వేళ్ల తిమ్మిరి లక్షల మందికి ఉంటుంది. ఆ ఫైలులో ఉన్న ప్రశ్న ఏదీ విడిగా ఆవిడను పట్టించేది కాదు. పట్టించింది ఆ నంబరు, అంటే అన్నిటినీ ఒకే దారానికి గుచ్చిన ముడి. వెబ్‌లో మనం ఏం చేస్తున్నామో వెంటాడి రాసుకునే ఇప్పటి ఆన్‌లైన్ ట్రాకింగ్ మొత్తం ఈ ముడి మీదే నడుస్తోంది. అందుకే ప్రైవసీ కాపాడుకోవాలనుకునేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది, తాము చూసేవన్నీ ఎక్కడెక్కడ, దేని సాయంతో ముడిపడుతున్నాయన్నది. అది తెలిస్తే ఏ జాగ్రత్త పనిచేస్తుందో, ఏది ఉత్త భరోసాయో వెంటనే తెలిసిపోతుంది.

ఈ ముడుల్లో పాతది కుకీ. 1994లో బ్రౌజర్ తయారుచేసే నెట్‌స్కేప్ కంపెనీలో ఇంజనీరుగా ఉన్న లూ మాంటుల్లి దీన్ని తయారుచేశారు. అప్పటి వెబ్‌కు జ్ఞాపకం లేదు. ఒక పేజీలో ఏదైనా వస్తువు ఎంచుకుని తర్వాతి పేజీకి వెళితే, వచ్చింది అదే మనిషని సైట్‌కు తెలిసేది కాదు. దానికి పరిష్కారంగా సైట్ ఒక చిన్న చీటీ రాసి బ్రౌజర్ చేతికిస్తుంది, బ్రౌజర్ మళ్లీ వచ్చినప్పుడల్లా ఆ చీటీ చూపిస్తుంది. బ్రౌజర్‌కు శాశ్వతంగా ఒకే నంబరు ఇచ్చేస్తే పని ఇంకా తేలికయ్యేది. కానీ అలా ఇస్తే ప్రతి సైట్ ఆ నంబరుతో మనుషుల్ని వెంటాడుతుందని మాంటుల్లి ఆ దారి వద్దనుకున్నారు. ఏ సైట్ ఇచ్చిన చీటీని ఆ సైట్ మాత్రమే చదవగలిగేలా చేశారు.

ఆలోచన మంచిదే. అయితే ఒక సందు మిగిలిపోయింది. వెబ్ పేజీ అన్నది ఒకే చోట నుంచి రాదు. అందులో ఒక బొమ్మ ఇంకొకరి సర్వర్ నుంచి రావచ్చు, ఆ సర్వర్ కూడా తన చీటీ ఇవ్వచ్చు. ఒకే ప్రకటనల కంపెనీ బొమ్మలు పదివేల సైట్లలో ఉంటే, ఆ పదివేల సైట్లలోనూ అదే చీటీ మళ్లీ మళ్లీ కనబడుతుంది. ఇదే థర్డ్ పార్టీ కుకీ. దీని ప్రమాదం ఆలస్యంగా బయటపడిందేమీ కాదు. 1997 ఫిబ్రవరిలో కుకీల గురించి వచ్చిన మొదటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రమే, ఇలాంటి వాటిని బ్రౌజర్లు డిఫాల్ట్‌గా, అంటే వాడేవాళ్లు సెట్టింగ్ ఏదీ మార్చకుండా, ఒప్పుకోకూడదని చెప్పింది. అప్పటి పెద్ద బ్రౌజర్లు రెండూ ఆ మాట పక్కన పెట్టేశాయి. ఆ ఒక్క డిఫాల్ట్ ఇంకోలా ఉండి ఉంటే ఈరోజు వెబ్ చాలా వేరుగా ఉండేది.

ఒక పేజీ తెరుచుకునే క్షణాన్ని దగ్గర్నుంచి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఎవరో ఒకరు రాత్రి పదకొండు గంటలకు, రొమ్ములో గడ్డ గురించిన ఒక వ్యాసం లింక్ నొక్కారనుకుందాం. బ్రౌజర్ ముందు ఆ సైట్‌ను అడిగి వ్యాసం తెచ్చుకుంటుంది. ఆ వ్యాసంతో పాటు కొన్ని ఆదేశాలూ వస్తాయి: ఫాంట్ ఫలానా సర్వర్ నుంచి తెచ్చుకో, వీడియో ఇంకో చోట నుంచి తెచ్చుకో, ఎంతమంది చదివారో లెక్కపెట్టే స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రామ్) నడుపు, ప్రకటనల స్క్రిప్ట్ నడుపు, ఒక పిక్సెల్ వెడల్పు, ఒక పిక్సెల్ ఎత్తు ఉన్న కంటికి కనబడని బొమ్మ తీసుకురా. బ్రౌజర్ మారు మాట్లాడకుండా ఇవన్నీ చేస్తుంది. ప్రతి సర్వర్‌కూ ఐపీ అడ్రస్, అంటే ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌కు ఉండే నంబరు తెలుస్తుంది, ఏ బ్రౌజరో తెలుస్తుంది, ఏ సైట్ నుంచి పిలుపు వచ్చిందో తెలుస్తుంది. 2020 నుంచి ప్రధాన బ్రౌజర్లు ఒక్కొక్కటిగా బయటి సర్వర్లకు పేజీ పూర్తి అడ్రస్ పంపకుండా సైట్ పేరు వరకే పంపడం మొదలుపెట్టాయి. కానీ పేజీ లోపల నడిచే స్క్రిప్ట్ మాత్రం పూర్తి అడ్రస్ చదువుకోగలదు. చదివిన వ్యాసం ఏమిటో ఆ అడ్రస్‌లోనే రాసి ఉంటుంది.

అక్కడితో ఆగదు. ప్రకటన ఉండాల్సిన ఖాళీ జాగా అప్పటికప్పుడు వేలానికి వెళ్తుంది. దాదాపు పదో వంతు సెకనులో, ఈ పేజీ ఇది, చదివేది ఈ నంబరు మనిషి, ఉన్నది సుమారు ఫలానా చోట, వాడుతున్నది ఫలానా ఫోన్ అనే వివరాలు ఎన్నో కంపెనీలకు అందుతాయి. ఒకరు గెలిచి ప్రకటన వేసుకుంటారు. ఓడిపోయినవాళ్లూ వివరాలు చూసేశారు కదా, వాటిని వాళ్లు దాచుకోకుండా ఆపే సాంకేతిక అడ్డం ఏదీ లేదు. పక్కన పడుకున్న మనిషికి కూడా ఇంకా చెప్పని భయం ఒకటి, పేజీ పూర్తిగా తెరుచుకునే లోపే ముక్కూమొహం తెలియని కంపెనీల చేతికి చేరిపోయింది. 'దాచడానికి నా దగ్గర ఏముంది' అనేవాళ్లకు చెప్పాల్సింది ఈ ఒక్క ఉదాహరణే. ఆ రాత్రి ఆ పేజీ చదివిన మనిషి ఏ తప్పూ చేయలేదు. అయినా అది తన సొంత విషయం.

కుకీల కథ కొంత మారింది. ఆపిల్ వారి సఫారీ బ్రౌజర్ 2020 మార్చిలో థర్డ్ పార్టీ కుకీలను పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022 జూన్ నుంచి ప్రతి సైట్‌కూ కుకీల డబ్బా విడిగా పెడుతోంది. అంటే ఒకే ప్రకటనల కంపెనీ రెండు సైట్లలో ఉన్నా, ఒక డబ్బాలో పెట్టిన చీటీ రెండో డబ్బాలో కనబడదు. గూగుల్ వారి క్రోమ్ మాత్రం థర్డ్ పార్టీ కుకీలను రెండేళ్లలో తీసేస్తామని 2020 జనవరిలో ప్రకటించి, వాయిదాల మీద వాయిదాలు వేసి, చివరికి 2024 జులైలో ఆ ఆలోచనే మానుకుంది. ప్రకటనల మీద బతికే సంస్థే బ్రౌజర్ కూడా తయారుచేస్తే రెండు పనులూ ఒకదానికొకటి అడ్డం వస్తాయి, దీన్ని ఇంకో రకంగా అర్థం చేసుకోవడం కష్టం. క్రోమ్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లోకి వెళ్లి థర్డ్ పార్టీ కుకీలను స్వయంగా బ్లాక్ చేసుకోవచ్చు. ఎప్పుడో ఒకసారి ఏదో ఒక సైట్‌లో లాగిన్ మొరాయిస్తుంది, అప్పుడు ఆ ఒక్క సైట్‌కు మినహాయింపు ఇస్తే చాలు.

కుకీ అయితే కనీసం మన చేతిలో ఉంటుంది, కావాలంటే చెరిపేయచ్చు. చెరపడానికి ఏమీ మిగల్చని పద్ధతి ఇంకొకటి ఉంది, దాని పేరు ఫింగర్‌ప్రింటింగ్. ఇందులో ఎవరూ మన దగ్గర చీటీ పెట్టరు, మన బ్రౌజర్ పోలికలే గుర్తుపెట్టుకుంటారు. స్క్రీన్ కొలత, టైమ్ జోన్, ఎంచుకున్న భాషలు, ఉన్న ఫాంట్లు, గ్రాఫిక్స్ చిప్ రకం, ఇలాంటివన్నీ సైట్ అడిగితే బ్రౌజర్ చెప్పేస్తుంది. ఒక్కోటి మామూలు సంగతే. అన్నీ కలిపితే మాత్రం ఆ కలయిక చాలా అరుదైపోతుంది. డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2010లో సుమారు 4 లక్షల 70 వేల బ్రౌజర్లను పరీక్షిస్తే, 83.6 శాతం బ్రౌజర్లకు తమలాంటి ఇంకొకటి ఆ గుంపులో లేదు.

ఇందులో బాగా తెలివైన ఉపాయం కాన్వాస్. సైట్ బ్రౌజర్‌కు ఒక పని చెబుతుంది: కనబడకుండా ఒక చిన్న పలక మీద ఈ నాలుగు అక్షరాలు రాయి, వెనక ఈ రంగు పులుము, తర్వాత ఆ బొమ్మను అంకెలుగా మార్చి ఇవ్వు. అవే అక్షరాలు, అదే రంగు. కానీ ఒక్కో కంప్యూటర్లో ఫాంట్ అంచులు నున్నగా చేసే తీరు, గ్రాఫిక్స్ చిప్, దాని డ్రైవర్ వేరువేరుగా ఉంటాయి కాబట్టి అంచుల దగ్గర పిక్సెళ్లలో వెంట్రుకవాసి తేడా వస్తుంది. కంటికి అందని ఆ తేడా అంకెల్లో మాత్రం దొరికిపోతుంది. ఒకే నోట్సు పదిమంది రాస్తే దస్తూరీని బట్టి ఎవరిదేదో చెప్పినట్టే ఇది కూడా. 2014లో ప్రిన్స్‌టన్, లూవెన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు చూసేసరికే, ఎక్కువమంది చూసే లక్ష సైట్లలో 5 శాతానికి పైగా ఈ పద్ధతి నడుస్తోంది.

అయితే దీన్ని చూసి చేతులెత్తేయాల్సిన పని లేదు. 2018లో ఒక ఫ్రెంచ్ సైట్‌కు వచ్చిన 20 లక్షలకు పైగా ఫింగర్‌ప్రింట్లను పరిశీలిస్తే, ఒంటరిగా తేలినవి 33.6 శాతమే. మొబైల్ ఫోన్లలో ఇంకా తక్కువ, ఎందుకంటే ఒకే మోడల్ ఫోన్లు చాలావరకు ఒకేలా ఉంటాయి. 2010 నాటి పరీక్షకు వచ్చినవాళ్లు ప్రైవసీ మీద ఆసక్తి ఉండి, బ్రౌజర్లను తమకు నచ్చినట్టు మార్చుకునేవాళ్లు. ఇక్కడే ఒక ముఖ్యమైన సంగతి ఉంది. కుకీ విషయంలో ఎన్ని జాగ్రత్తలు పెంచితే అంత మంచిది. ఫింగర్‌ప్రింట్ విషయంలో గుంపులో కలిసిపోవడమే రక్ష. పది ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు తగిలించే అదనపు సాధనాలు) పెట్టుకుని, ప్రతి సెట్టింగునూ తిప్పి కూర్చున్న బ్రౌజర్ జాతరలో ఏనుగులా ఎక్కడున్నా కనబడుతుంది.

టోర్ బ్రౌజర్ ఈ సూత్రాన్నే పట్టుకుంది. దాన్ని వాడే వాళ్లందరి బ్రౌజర్లూ వీలైనంత ఒకేలా కనబడాలని చూస్తుంది. కిటికీ కొలత కూడా అసలుది చెప్పదు, అందరికీ ఉమ్మడిగా ఉండే కొన్ని కొలతల్లో దగ్గరిదానికి సర్దేస్తుంది. పైగా ప్రతి రాకపోకనూ మామూలుగా మూడు సర్వర్ల మీదుగా తిప్పుతుంది కాబట్టి నెమ్మదిగా ఉంటుంది. రోజంతా అందరికీ అది అవసరం లేదు. ఎవరికీ తెలియకూడని విషయం ఒకటి చదవాల్సి వచ్చినప్పుడు దాన్ని మించింది లేదు. బ్రేవ్ బ్రౌజర్ ఇంకో దారి పట్టింది, కాన్వాస్ లాంటి వాటికి ఇచ్చే జవాబులో సైట్ సైట్‌కూ కొంచెం తేడా కలుపుతుంది. దస్తూరీ ఒక్కో చోట ఒక్కోలా ఉంటే దాన్ని పట్టుకుని ముడి వేయడం కుదరదు.

అన్నిటికన్నా గట్టి ముడి మాత్రం మనమే స్వయంగా వేసుకునేది, అదే లాగిన్. ఒకే ఈమెయిల్ అడ్రస్‌ను షాపింగ్ సైట్‌కూ, ఆరోగ్య యాప్‌కూ, వార్తల సైట్‌కూ ఇస్తే, ఇక కుకీలు బ్లాక్ చేసినా ఫింగర్‌ప్రింట్ దాచినా ఆ మూడూ ఒకరివేనని ఇట్టే తేలిపోతుంది. చాలా కంపెనీలు ఈమెయిల్‌ను నేరుగా ఇవ్వం, హ్యాష్ చేసి ఇస్తాం అంటాయి. అంటే అడ్రస్‌ను అర్థంకాని అక్షరాల వరసగా మారుస్తారు. కానీ ఒకే అడ్రస్‌కు ఎప్పుడూ అదే వరస వస్తుంది. అలాంటప్పుడు ఆ వరసే కొత్త నంబరు. హ్యాష్ చేసినంత మాత్రాన డేటా ఎవరిదో తెలియకుండా పోదని అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో మళ్లీ ఒకసారి గుర్తుచేయాల్సి వచ్చింది.

దీనికి మందు సులువే, పైగా పనిచేస్తుంది. అసలు అడ్రస్ బదులు ఒక్కో సైట్‌కు ఒక్కో మారు ఈమెయిల్ అడ్రస్ ఇవ్వడం. ఫైర్‌ఫాక్స్ రిలే, సింపుల్‌లాగిన్, ఆపిల్ వారి హైడ్ మై ఈమెయిల్ లాంటివి అడిగినప్పుడల్లా ఒక కొత్త అడ్రస్ పుట్టించి, దానికొచ్చే మెయిల్స్‌ను అసలు ఇన్‌బాక్స్‌కు పంపిస్తాయి. ఏదైనా సైట్ అడ్రస్ అమ్ముకుంటే ఎవరు అమ్మారో కూడా తెలిసిపోతుంది. 'గూగుల్‌తో లాగిన్ అవండి', 'ఫేస్‌బుక్‌తో లాగిన్ అవండి' అనే బటన్లు తేలిగ్గా కనబడతాయి కానీ, ప్రతిసారీ ఒకే దారానికి ఇంకో పూస గుచ్చుతున్నట్టే. లాగిన్ తప్పనిసరి అయిన పెద్ద సర్వీసులను ఒక బ్రౌజర్‌లో ఉంచి, మిగతా చదువులూ వెతుకులాటలూ లాగిన్ లేని ఇంకో బ్రౌజర్‌లో చేసుకోవడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ బాగా పనిచేస్తుంది.

లింకుల్లోనూ ముడులు ఉంటాయి. సోషల్ మీడియా నుంచి ఒక లింక్ కాపీ చేస్తే, అడ్రస్ చివర ప్రశ్నార్థకం తర్వాత పొడవాటి అక్షరాల తోక కనబడుతుంది. కొన్నిసార్లు ఆ తోక, లింక్ నొక్కిన మనిషికి, ఆ నొక్కుకు ప్రత్యేకంగా ఇచ్చిన గుర్తు. దాన్ని అలాగే స్నేహితులకు పంపితే, ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో కూడా లెక్కలోకి ఎక్కే అవకాశం ఉంది. చాలా లింకులకు ఆ ప్రశ్నార్థకం నుంచి చివరి వరకు కోసేసినా పేజీ మామూలుగానే తెరుచుకుంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో లింక్ మీద రైట్ క్లిక్ చేస్తే ట్రాకింగ్ తీసేసి కాపీ చేసుకునే వీలుంది.

జనం ఎక్కువగా నమ్ముకున్న రెండు సాధనాల దగ్గరే ఎక్కువ పొరపాటు జరుగుతోంది. ఇన్‌కాగ్నిటో ట్యాబ్‌లన్నీ మూసేయగానే ఆ పరికరంలో హిస్టరీ, కుకీలు చెరిగిపోతాయి. ఇంట్లో అదే కంప్యూటర్ వాడే ఇంకొకరికి తెలియకుండా ఉండటానికి అది చాలు. బయట ఉన్న సైట్లకు, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి అది ఏ తెరా వేయదు. ఈ విషయం మీదే అమెరికాలో 2020లో గూగుల్ మీద దావా పడింది. 2024 ఏప్రిల్‌లో కుదిరిన ఒప్పందంలో ఇన్‌కాగ్నిటో బ్రౌజింగ్‌కు సంబంధించిన వందల కోట్ల రికార్డులను చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది. అన్నేసి రికార్డులు ఉన్నాయంటేనే ఆ ట్యాబ్ ఎంతవరకు కాపాడుతుందో తెలుస్తోంది.

మన రాకపోకలను తన సర్వర్ మీదుగా తిప్పే వీపీఎన్, సైట్లకు కనబడే ఐపీ అడ్రస్‌ను మారుస్తుంది, ఆ అడ్రస్ కూడా ఒక ముడే కాబట్టి ఉపయోగం లేకపోలేదు. కానీ కుకీ అలాగే ఉంటుంది, ఫింగర్‌ప్రింట్ అలాగే ఉంటుంది, లాగిన్ అలాగే ఉంటుంది. ఇంతకుముందు ఏయే సైట్లకు వెళ్తున్నామో ఇంటర్నెట్ కంపెనీకి కనబడేది, ఇప్పుడు వీపీఎన్ కంపెనీకి కనబడుతుంది. ఉచితంగా ఇచ్చే వీపీఎన్ ఖర్చు ఎక్కడి నుంచి తెస్తోందన్న ప్రశ్న వేసుకోకుండా దాన్ని ఫోన్‌లో పెట్టుకోకూడదు. కాపాడతానని వచ్చినవాడే అమ్ముకున్న ఉదాహరణ ఉంది. యాంటీవైరస్ కంపెనీ అవాస్ట్, తన సాఫ్ట్‌వేర్, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ల ద్వారా వాడకందార్ల బ్రౌజింగ్ వివరాలు పోగుచేసి, జంప్‌షాట్ అనే తన అనుబంధ సంస్థ ద్వారా అమ్మిందని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2024 ఫిబ్రవరిలో 1.65 కోట్ల డాలర్లు కట్టమంది. ట్రాకింగ్‌ను ఆపుతామనే మాట కూడా ఆ ఉత్పత్తి ప్రచారంలో ఉంది.

అందుకని ఎక్స్‌టెన్షన్ల విషయంలో పిసినారిగా ఉండటమే మంచిది. ప్రతి పేజీనీ చదివే అనుమతి అడిగేది ఏదైనా సరే, ఇంట్లోకి రానిచ్చే మనిషిని చూసినట్టు చూడాలి. ఒక్కటి పెట్టుకోవాలంటే అది యూబ్లాక్ ఆరిజిన్. రేమండ్ హిల్ 2014లో మొదలుపెట్టిన ఈ బ్లాకర్ కోడ్ అందరికీ కనబడుతుంది, డబ్బు అడగదు. ట్రాకర్ పనిచేసే తీరును బట్టి చూస్తే ఇది ఎందుకు అంత ముఖ్యమో తెలుస్తుంది. ఇందాక చూసిన రాత్రి పదకొండు గంటల పేజీలో బ్రౌజర్ బయటి సర్వర్లకు వెళ్లి అడిగింది కదా, బ్లాకర్ ఆ అడగడాన్నే ఆపేస్తుంది. స్క్రిప్ట్ రానేరాకపోతే కుకీ పెట్టేదెవరు, కాన్వాస్ గీయించేదెవరు? అయితే క్రోమ్ తన ఎక్స్‌టెన్షన్ల నియమాలు మార్చడంతో పూర్తిస్థాయి యూబ్లాక్ ఆరిజిన్ అందులో పనిచేయడం ఆగిపోయింది, బలం తగ్గించిన లైట్ రకం మాత్రమే మిగిలింది. ఫైర్‌ఫాక్స్‌లో ఇప్పటికీ పూర్తిగా పనిచేస్తుంది. బ్రౌజర్ మార్చుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

కుకీల అనుమతి అడిగే పాపప్‌ల గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. వాటితో రోజూ కుస్తీ పట్టడం కన్నా బ్రౌజర్ దగ్గరే అడ్డుకోవడం నయం. ఒప్పుకోవడానికి ఒక్క క్లిక్కు, వద్దనడానికి నాలుగు క్లిక్కులు పెట్టే అలవాటు మీద ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది. ఆ తర్వాతే యూరప్‌లో 'అన్నీ తిరస్కరించు' బటన్ చాలాచోట్ల ముందుకు వచ్చింది.

అంతకన్నా ఆశ కలిగించేది గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్. దీనికి ముందు 'డు నాట్ ట్రాక్' అనే సెట్టింగు ఒకటి ఉండేది. నన్ను వెంటాడొద్దని బ్రౌజర్ ప్రతి సైట్‌కూ మర్యాదగా చెప్పేది, వినాలన్న నియమం లేదు కాబట్టి దాదాపు ఎవరూ వినలేదు. 2020లో వచ్చిన గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్ చేసేదీ అలాంటి పనే, కానీ దాని వెనక కాలిఫోర్నియా చట్టం నిలబడింది. ఈ సంకేతాన్ని పట్టించుకోకపోవడం కూడా ఒక ఆరోపణగా నడిచిన కేసులో, సౌందర్య సాధనాలు అమ్మే సెఫోరా సంస్థ 2022 ఆగస్టులో 12 లక్షల డాలర్లు కట్టి రాజీ పడింది. 2027 మొదలు బ్రౌజర్లన్నీ ఇలాంటి సెట్టింగు ఇచ్చి తీరాలని అక్కడ 2025 అక్టోబర్‌లో ఇంకో చట్టం చేశారు. బ్రేవ్‌లో ఇది ముందే ఆన్‌లో ఉంటుంది, ఫైర్‌ఫాక్స్‌లో ప్రైవసీ సెట్టింగ్స్‌లో టిక్ పెట్టుకోవాలి. ఆ చట్టం వర్తించని చోట బలం తక్కువే అయినా, పెట్టుకోవడానికి పట్టేది అర నిమిషం.

చట్టం మాట ఎత్తడానికి కారణం ఉంది. సైట్లు ఇప్పుడు ట్రాకింగ్‌ను బ్రౌజర్ నుంచి తీసి తమ సర్వర్లలోకి మార్చుకుంటున్నాయి. మనం ఏం కొన్నామో, ఏం చదివామో సైట్ తన దగ్గరే రాసుకుని, ఆ జాబితాను వెనక దారిలో ప్రకటనల కంపెనీకి పంపిస్తుంది. ఆ రాకపోకలు మన బ్రౌజర్ గుండా వెళ్లవు, కాబట్టి ఏ బ్లాకరుకూ అవి కనబడవు. అక్కడ ముడి వేయడానికి వాళ్లకు కావాల్సింది ఈమెయిల్ లేదా ఫోన్ నంబరు. మారు అడ్రస్ ఇచ్చే అలవాటు అందుకే రానురాను విలువైనదవుతోంది. ఫోన్ నంబరు అడిగే గడి పక్కన తప్పనిసరి అన్న గుర్తు లేకపోతే ఖాళీగా వదిలేయచ్చు. గుర్తు ఉంటే మాత్రం, నంబరు ఇవ్వకముందు అది నిజంగా దేనికి కావాలో ఒకసారి చూసుకోవాలి. ఇచ్చాక ఆ ముడి విప్పడం మన చేతిలో ఉండదు, ఎందుకంటే అది మన కంప్యూటర్లో లేదు.